వెనక్కి నడిచిన ప్రగతి నివేదిక

నా ఒక్కడి పుణ్యమా అని ఒక మండలం మొత్తం చదువులో వెనక్కి నడవబోయింది. గొప్పలు చెబుతున్నానని అనుకోకండి. వ్యవహారం ఉత్తర్వు టైపు చేసేదాకా వెళ్లింది.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి లాలాగూడలో స్థిరపడిన కుటుంబం. అక్కడి సర్కారు బడిలోనే నేను తెలుగు మాస్టర్ని. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. మా హెడ్మిస్ట్రెస్ సుజాత మేడం ఆ ఏడాది రోజూ ఆఖరి పీరియడ్‌ని కథల పుస్తకాలు చదివించడానికి కేటాయించారు. సిలబస్ వెనకబడుతుందని పైవాళ్ల గొణుగుడు. పిల్లల చదువు మెరుగుపడిందని ఏడాది చివర చూపిస్తేనే ఆ పీరియడ్ బతుకుతుంది. కంప్యూటర్ మీద వేళ్లు చకచకా ఆడతాయన్న పాపానికి ఆ నివేదిక నా నెత్తిన పడింది. జెర ఒకసారి సరిచూసుకోమని మేడం చెప్పారు. అనుమానం ఉన్నవాళ్లు సరిచూసుకుంటారు గానీ, నాలాంటి మేధావికి ఆ ఖర్మేమిటి?

సికింద్రాబాద్‌లో సమీక్షా సమావేశానికి మేడం నన్నూ వెంటబెట్టుకెళ్లారు. హెడ్మాస్టర్లందరి ముందు మండల విద్యాధికారి మా కాగితం తీసి చదివారు. కిందటేడు మా పిల్లలు కథలు గడగడా చదివేవారట. ఈ ఏడాది అక్షరాలు కూడబలుక్కుంటున్నారట. ఈ ఏటి వివరాలు కిందటేటి గడిలో, కిందటేటివి ఈ ఏటి గడిలో ఎక్కించానని నాకు అప్పుడు వెలిగింది. పక్కన మేడం ముఖం సుద్దముక్కలా పాలిపోయింది.

"ఇదేందయ్యా, ఏడాదంత చదివి ఎన్కకు పోయిన్రా?" అన్నారు అధికారి.

పొరపాటు సార్ అంటే అక్కడితో తేలిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నారు పెద్దలు. నేను ఏకంగా బుల్డోజరే తెచ్చాను.

"వెనకబాటు కాదు సార్, లోతు. ఇంతకుముందు బట్టీపట్టి అప్పజెప్పేవాళ్లు. ఇప్పుడు అర్థం చేసుకుంటూ ఆగి ఆగి చదువుతున్నారు."

నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన మురిసిపోయారు. ఇలా ఆలోచించేవాళ్లే కావాలన్నారు. సోమవారం స్వయంగా వచ్చి చూస్తానని, ఈ 'ఆగి చదివే పద్ధతి'ని అన్ని బళ్లలో పెట్టిస్తానని, ఉత్తర్వు ఇప్పుడే టైపు చేయమని గుమాస్తాకు చెప్పారు. హాల్లో చప్పట్లు మోగాయి. తిరుగు ప్రయాణంలో ఆటో మెట్టుగూడ దాటాక మేడం నావైపు తిరిగారు. మెల్లగా అడిగారు: "సోమవారం ఏం చేస్తవ్?"

చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఏడాది పొడవునా నేనే ధారగా చదవడం నేర్పిన పిల్లలకి, శనివారమంతా తడబడడం నేర్పాను. గంతులేసే మేకపిల్లల్ని నత్తల్లా పాకమన్నట్టే అయింది. పాపం, నామీద ప్రేమకొద్దీ వాళ్లు సరేనన్నారు.

సోమవారం అధికారి అయిదో తరగతికి వచ్చి శ్రావణిని లేపారు. వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. పుస్తకం దొరికితే అన్నం మానేసే పిల్ల అది. ఎవరూ ముందే బట్టీ పట్టి ఉండకూడదని అధికారి తన సంచిలోంచి కొత్త కథల పుస్తకం తీసిచ్చారు.

"ఎలుక... ఏనుగు... మీద... ఎక్కింది..."

ఆయన తల ఊపారు. నా ఊపిరి కుదుటపడింది. మూడో వాక్యంలో ఆ ఏనుగు తుమ్మింది. అంతే, శ్రావణి నన్నూ, శనివారాన్నీ, లోతునూ మరిచిపోయి చివరి పేజీదాకా గొంతులు మార్చి మరీ చదివేసింది. క్లాసు పగలబడి నవ్వింది.

ఆగి చదవాలి కదమ్మా అని అధికారి అడిగారు. పిల్ల నావైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా సారు ఆగమనే చెప్పిండు సార్. గానీ కథ మంచిగుంది. ఆగబుద్ధి కాలే."

ఆ కళ్లు చూశాక నాకింక అబద్ధం రాలేదు. తారుమారైన గడుల దగ్గర్నుంచి తడబాటు పాఠం దాకా అందరి ముందూ ఒప్పుకున్నాను. శ్రావణి తప్పేం లేదని కూడా చెప్పాను. అధికారి ఫోన్ తీసి ఉత్తర్వు ఆపించారు. తర్వాత మేడం వైపు తిరిగారు.

"మీ పీరియడ్ నడవనియ్యుండ్రి మేడం. పిల్లలు మంచిగనే చదువుతున్నరు. సారుకే ఇంకా రాలే."

మేడం నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. ఆ రోజే నల్లబల్ల సాక్షిగా, డస్టర్ మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట తప్పు చేస్తే, అది సిద్ధాంతంగా ఎదగకముందే ఒప్పేసుకుంటాను.