వదిన కూర్చున్న అరుగులు

మా వదిన పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. "మీ వదిన లేదమ్మా" అని అన్నయ్య ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేశాడు. ఆదివారాలు ఫోన్లు పట్టుకుని అన్నయ్యావాళ్ళుండే ఖిదిర్‌పూర్ సందులు తిరిగే మ్యాపు వాళ్ళకు ఆ కబురు నేను చెప్పాను. వాళ్ళ గ్రూపులో నేను రాసిన ముక్క కింద ఒక్కొక్కరే వచ్చి 'బౌది' అని మాత్రం రాసి ఊరుకున్నారు. బెంగాలీలో వదినను అలాగే అంటారు. నాకొక్కదానికే వదిన అనుకున్నాను, చూస్తే ఊరందరికీ వదినే.

మీరెప్పుడైనా ఖిదిర్‌పూర్‌లోనో వాట్‌గంజ్‌లోనో నడిచి నడిచి కాళ్ళు పీకి, దగ్గర్లో కూర్చోడానికి చోటుందేమోనని ఫోన్లో మ్యాపు తీసి చూసుకున్నారా? చూసుకుని ఉంటే, మీకు దొరికిన అరుగు మా వదిన పెట్టిందే అయ్యుంటుంది. ఆ మ్యాపు ఏ కంపెనీదీ కాదు. ఎవరికి తెలిసింది వాళ్ళు పెడతారు, కావలసినవాళ్ళు వాడుకుంటారు, తప్పుంటే ఎవరైనా దిద్దుతారు. పైసా జీతం లేదు. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మా అన్నయ్యకు అది ఎంతకీ మింగుడు పడేది కాదు. "జీతం లేని కొలువు, దానికి మళ్ళీ ఆదివారం డ్యూటీ" అని వెక్కిరించేవాడు.

వదినను ఇందులోకి దింపింది ఆవిడ మోకాళ్ళు. ఒకనాడు బజారు నుంచి కూరల సంచితో వస్తూ నడవలేక ఒక గోడకు చేరగిలబడిందట. పక్కనే ఒక బెంగాలీ అమ్మాయి ఫోన్లో ఏదో నొక్కుతోంది. ఏం చేస్తున్నావని వదిన అడిగితే, ఈ వీధిలో ఏమేం ఉన్నాయో మ్యాపులో పెడుతున్నాననీ, మందుల షాపు, బడి, బస్టాపు, ఏదైనా పెట్టొచ్చుననీ చెప్పింది. "అయితే కూర్చోడానికి చోటెక్కడుందో అది పెట్టు ముందు" అంది వదిన. "నాకేం తెలుసు? మీరే పెట్టండి, బౌది" అని ఆ అమ్మాయి వదిన ఫోను తీసుకుని, అక్కడికక్కడే ఆవిడను చేర్చేసింది. మ్యాపులో పేరు కూడా 'బౌది' అనే పెట్టింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను నది అవతలున్న సంత్రాగాఛి నుంచి బస్సెక్కి వంతెన దాటి వచ్చేదాన్ని. వదినకు తోడని అన్నయ్యకు చెప్పేదాన్ని గానీ, నిజానికి నాకే తోడు కావలసి వచ్చేది. మేమిద్దరం పాత ఇళ్ళ ముందు అరుగులు వెతికేవాళ్ళం. వాటిని ఇక్కడ రోక్ అంటారు. సాయంత్రమైతే మగవాళ్ళంతా వాటి మీద చేరి కబుర్లాడుకుంటారు. పగలు ఖాళీగా ఉన్నా ఆడవాళ్ళు కూర్చోరు. వదిన మాత్రం కూర్చునేది. కూర్చోకుండా ఒక్కదాన్నీ మ్యాపులో పెట్టలేదు.

"కళ్ళతో సూసింది సగమే, మరదలా. కూర్చుంటే గాని సంగతి తెలీదు" అనేది. ఒకచోట నున్నగా మెరిసే నల్లరాతి అరుగు కనబడింది. నేను బాగుందన్నాను. వదిన ఇలా కూర్చుని అలా లేచింది. ఎండకు అది పెనంలా కాలిపోతోంది. "పొద్దున్న మాత్రమే" అని రాసి ముందుకు నడిచింది. మరోచోట అరుగు చల్లగానే ఉంది గానీ కాలవ కంపు. అదీ రాసింది. నచ్చినచోట కూర్చున్నాక వెంటనే లేచేదీ కాదు. మట్టి కప్పుల్లో టీ తెప్పించేది, వచ్చేపోయేవాళ్ళను చూసేది, నా సంగతులు నా చేత చెప్పించేది.

"వదినా, ఊరికి సేవ చేస్తున్నావా, కూర్చోడానికి వంక వెతుక్కుంటున్నావా?" అని ఒకసారి అడిగాను.

"రెండూనూ. నీకేటి నష్టం?" అంది.

ఇంటివాళ్ళను అడగకుండా వాళ్ళ అరుగు పెట్టేది కాదు. తలుపు కొట్టి, అలసిపోయినవాళ్ళు ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా అని అడిగేది. ఒక ముసలావిడ ఈవిడను ఎగాదిగా చూసి, "నువ్వు కూర్చో. మిగతావాళ్ళు వద్దు" అంది. "నా ఒక్కదానికైతే మ్యాపెందుకమ్మా" అని వదిన నవ్వి వచ్చేసింది. ఆ అరుగు మీద తనూ ఇంకెప్పుడూ కూర్చోలేదు.

అన్నయ్య వెక్కిరింతలకు ఆవిడ దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. "ఊళ్ళో అరుగులన్నీ మీ పుట్టింటోళ్ళు కట్టించారేటి?" అనేవాడాయన. "కట్టించి ఉంటే మిమ్మల్ని కూర్చోనిస్తామేటి?" అనేది. కానీ తప్పు విషయంలో మాత్రం పరిహాసం లేదు. ఎవరో పెట్టిన మంచినీళ్ళ కొళాయి ఎండిపోయిందని తెలిస్తే, ఆ పూటే వెళ్ళి చూసి దిద్దాల్సిందే. "నేనిది ఉందీ అని సూపిస్తే నమ్మి వస్తారు కదా. లేదని తెలిస్తే వాళ్ళ ఉసురు నాకు తగుల్తాది" అనేది.

ఇప్పుడూ నేను ఆదివారాలు ఆ బస్సు ఎక్కుతున్నాను. దిగేచోట నాకోసం వదిన పట్టుకు నిలబడే గొడుగు కోసం కళ్ళు వెతుకుతాయి. ఉండదని తెలుసు. అయినా వెతుకుతాయి. ఇన్నేళ్ళలో ఆవిడతో అనకుండా దాచుకున్న మాట ఒక్కటీ లేదు నాకు. ఇకముందు చెప్పాల్సినవే ఉన్నాయి, అవి ఎవరితో చెప్పను? మనిషి కావాలనిపించడం ఆకలి లాంటిదేమో, పూటపూటకూ వస్తోంది.

కర్మలన్నీ అయ్యాక నేను వెళ్ళేసరికి అన్నయ్య వదిన ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మ్యాపులో ఒక్కొక్క అరుగు మీదా వేలు పెట్టి నొక్కుతున్నాడు. నొక్కితే, దాన్ని చివరిసారి ఎవరు ముట్టుకున్నారో వాళ్ళ పేరు కనిపిస్తుంది. ప్రతి అరుగు దగ్గరా 'బౌది' అని వస్తోంది. పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని ఆయన చేసే పని అదేనని అర్థమైంది. ఏ రోజూ ఆవిడ వెంట ఒక్క సందు తిరగని మనిషి.

అంతలో, వదినను మ్యాపులో చేర్చిన ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. వాట్‌గంజ్ మలుపులో పాత ఇల్లు పడగొట్టారట. దాని అరుగూ పోయింది. "దిద్దాలి, దిదీ. కానీ ఎవరు దిద్దితే వాళ్ళ పేరు పైకొస్తుంది. బౌది పేరు కిందికెళ్ళిపోతుంది. మాలో ఎవరికీ చేతులు రావడం లేదు" అంది.

అన్నయ్యకు చెప్పాను. "ముట్టుకోవద్దని సెప్పు" అన్నాడు.

"లేనిదాన్ని ఉందని చూపించడం వదినకు ఇష్టముండదు కదా, అన్నయ్యా."

"ఆవిడకేటి ఇష్టమో నాకు సెప్పకు. ఆవిడ పేరు నాకెక్కడ కనిపిస్తాదింక? రేషను కార్డులోంచి తీయించాను. బ్యాంకులో తీయించాను. ఇదీ తీయించమంటావేటి?"

వదిన మాట వినాలా, అన్నయ్య మాట వినాలా అన్నది ఇద్దరూ బతికున్నప్పుడే తేలేది కాదు. కొంతకాలం ఆగమని ఆ అమ్మాయిని అడిగాను. ఆగింది. ఆ అరుగు మ్యాపులో అలాగే ఉండిపోయింది.

తరవాత ఒక మధ్యాహ్నం అన్నయ్య నుంచి ఫోను. వెనకాల బస్సుల రొద. వదిన కూర్చున్న చోట్లన్నీ ఒకసారి చూద్దామని బయల్దేరాడట. ఆ మలుపు సంగతి తెలిసే వెళ్ళాడు. మ్యాపులో ఇంకా కనిపిస్తోంది గనక ఏ ముక్కో మిగిలి ఉంటుందని ఆశ పడ్డాడట. ఎండలో అంత దూరం నడిచి చేరేసరికి రేకుల కంచె ఒక్కటే ఉంది. "కాళ్ళు పీకుతన్నాయమ్మా. కూర్చోడానికి సోటు లేదు" అన్నాడు. మళ్ళీ తనే, "ఇంకెవరైనా వస్తే ఏటి సేస్తారు?" అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఆ కంచెకు చేరగిలబడి నిలబడే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

ఆ ఆదివారం మ్యాపు అమ్మాయి ఇంటికొచ్చింది. "తీసేస్తే ఆవిడ పేరు పూర్తిగా పోతుందా?" అని అన్నయ్య బెంగాలీలో అడిగాడు. పూర్తిగా తీసేయక్కర్లేదని ఆ అమ్మాయి చెప్పింది. పాత ఫొటోలు చూసి ఇంకెవరో మళ్ళీ పెట్టేయకుండా, 'ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు' అని రాసే పద్ధతి ఉందట. అప్పుడది మ్యాపులో పైకి కనిపించదు. దాని చరిత్ర తెరిచి చూస్తే, ఎవరు పెట్టారో, తరవాత ఎవరు దిద్దారో వరసగా ఉంటుంది.

"అయితే నేనే రాస్తాను" అన్నాడు అన్నయ్య.

అందుకు ఆయన కూడా ఒక పేరుతో చేరాలి. ఏ పేరు పెట్టమంటారు దాదా అని అడిగింది. అన్నయ్య ఆలోచించాడు. తరవాత ఫోను తనే తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తెలుగులో కొట్టాడు. ఏమి రాశారని ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను చదివి చెప్పాను. ఆ అమ్మాయి తల వంచుకుంది.

దిద్దడం అయ్యాక ఆ అరుగు చరిత్ర తెరిచి అన్నయ్య ముందు పెట్టింది. రెండే వరసలు. పై వరసలో 'ఇప్పుడు ఇక్కడ లేదు' అనీ, పక్కన 'బౌది మొగుడు' అనీ ఉంది. కింది వరసలో 'కూర్చోవచ్చు, పొద్దు వాలేదాకా నీడ' అనీ, పక్కన 'బౌది' అనీ ఉంది.