మునెమ్మ చివరిసారి నీళ్ళెప్పుడు తాగింది?

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, పెరటాసి నెల, అరవ లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు రోజులు. తిరుపతిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రికి మత్తు డాక్టరుగా వెళ్తున్నాను. అప్పటికి పదిహేనేళ్ళ అనుభవం, దానితోపాటు కాస్త పొగరూ ఉండేవి.

ఆ ఆదివారం ఉదయం మునెమ్మను టేబుల్ మీదికి చేర్చారు. నగరిలో మగ్గం నేసి బతికిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇలాంటి వాళ్ళకు స్పైనల్ ఇస్తాం. అంటే వెన్నులోకి సన్నటి సూదితో మందు వేసి నడుము కింది భాగాన్ని మొద్దుబారేట్టు చేయడం. దాంతో బీపీ కొంత పడుతుంది. ఒంట్లో నీరుంటే మనిషి తట్టుకుంటుంది.

"ఏమైనా తిన్నావా అవ్వా?" అన్నాను.

"మెతుకు ముట్టలేదు నాయనా. నీళ్ళు గూడా సుక్క తాగలేదు."

కడుపు ఖాళీగా ఉంటే చాలు మాకు. బీపీ నూట ముప్పై చూపిస్తోంది. నొప్పీ భయమూ కలిసి దాన్ని నిలబెట్టాయని నాకు తట్టలేదు. అందరికీ ఇచ్చే మోతాదే ఇచ్చేశాను.

మూడు నిమిషాలు కాలేదు. "కడుపులో తిప్పతాండాది నాయనా. యాడుండావు, కనపడలా" అంది. మానిటర్‌లో బీపీ అరవై. నాడి నలభైకి దిగింది. ఆ తర్వాత ఆమె పలకలేదు.

వెన్నులోకి వెళ్ళిన మందును వెనక్కి తీయలేం. బీపీ పెంచే ఇంజెక్షన్ వేసి, సెలైన్ సీసాను చేత్తో పిండుతూ "అవ్వా, మునెమ్మవ్వా" అని పిలుస్తూనే ఉన్నాను. ఏమీ భయం లేదని బయట ఆమె కూతురికి చెప్పి వచ్చింది నేనే. చివరిసారి ఎప్పుడు తాగిందో కనుక్కోమని సిస్టర్‌ను పంపాను.

ఆమె పరుగున వచ్చింది. "శుక్రవారం రాత్రంట సార్. నిన్న పెరటాసి శనివారం గదా. ఆకులో అన్నం పరిచి తళిగ ఏసి ఎంకటేశ్వర సామికి పెట్టందే నీళ్ళు గూడా ముట్టదంట. ఈడ ఆస్పత్రిలో తళిగ యాడ ఏస్తారు? రాత్రి శనివారం దాటినాకన్నా తాగిద్దామంటే పన్నెండు దాటినాక ఏమీ ఇయ్యొద్దని మనమే చెప్పినామంట."

దాదాపు ఒకటిన్నర రోజు. చేయి వాచి వార్డులో సెలైన్ ఆపేశారని కేసు షీటులో రాసే ఉంది. ఆ పేజీ నేను తిప్పలేదు.

రెండో సీసా సగమయ్యాక బీపీ తొంభై దాటింది. మునెమ్మ కళ్ళు తెరిచి "దప్పికైతాండాది" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఆపరేషన్ ఆ రోజు ఆపేశాం. సాయంత్రం వార్డుకు వెళ్ళి, సరిగా అడక్కపోవడం నా తప్పేనని ఆమెతో చెప్పాను.

"ఎప్పుడు తాగినావని అడిగింటే చెప్పుండనా నాయనా?" అంది. కోపంగా కూడా అనలేదు.

మంగళవారం తక్కువ మోతాదుతో మళ్ళీ స్పైనల్ ఇచ్చాను. బీపీ పెద్దగా కదల్లేదు. అప్పటినుంచి ముసలివాళ్ళకు మందు తగ్గించి, బీపీ పెంచే మందు ముందే సిరంజిలోకి తీసి పెట్టుకుంటున్నాను. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగమంటున్నాను. తాగిందీ లేనిదీ కాదు, ఎప్పుడు తాగారో అడుగుతున్నాను. అయినా వెన్నులో సూది దిగిన ప్రతిసారీ ఆ మొదటి మూడు నిమిషాలు భయమేస్తూనే ఉంది. అది పోయిన రోజు నేను సూది పట్టుకోకూడదు.