ముందు నీ గీత నింపుకో

శుక్రవారం. ఈ పూట పనులు: దోసెల పిండి రుబ్బాను, రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను, గ్యాస్ బుక్ చేశాను, పచ్చడి జాడీలు ఎండలో పెట్టి తీశాను, ఆస్పత్రి నుంచి రిపోర్టు తెచ్చాను. ఐదు రాసుకున్నాను, ఐదూ అయ్యాయి. ఆరోది మధ్యాహ్నానికి పెట్టుకున్నాను. అది మా పెద్దబాపుకు ఇచ్చిన మాట.

మా బాపుకు అన్న ఆయన. మూడు వారాల క్రితం పొద్దున్నే ఆయన భార్య, మా పెద్దవ్వ ఫోన్ చేసి, "మీ పెద్దబాపు లేస్తలేడే బిడ్డా" అన్నది. కరీంనగర్‌లో బస్సెక్కి నేను గోదావరిఖని చేరేసరికి వాళ్ల ఇంటి ముందు టెంటు వేసి ఉంది.

ఆయన గురించి ఎవరైనా బొగ్గుగని కబుర్లే చెప్తారు. నేను మాత్రం ఫోన్‌లో ఆట గురించి చెప్పాలి.

ఖతర్‌లో ఉన్న మా తమ్ముడు నేర్పిన ఆట అది. ఫోన్ చేస్తే "తిన్నవా?", "తిన్న" దగ్గరే మాటలు అయిపోతున్నాయని, వాడికి సెలవుండే శుక్రవారాలు నన్నూ పెద్దబాపునూ అందులోకి లాగాడు. ముగ్గురం గుహల్లోకి వెళ్లి రాక్షసులను కొట్టాలి. ఒకరు డాలు పట్టి ముందు నిలబడి దెబ్బలు కాయాలి. ఒకరు కత్తితో కొట్టాలి. ఒకరు వెనక ఉండి, దెబ్బ తిన్నవాళ్లకు మంత్రంతో ప్రాణం పోయాలి. ఆ మూడో మనిషిని హీలర్ అంటారు. అది నాకిచ్చారు. ఎవరి ప్రాణం ఎంత మిగిలిందో వాళ్ల తల మీద పచ్చగీత చూపిస్తుంది.

డాలు పెద్దబాపుది. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. అందరికంటే ముందు వెళ్లి, కడ్డీతో కప్పును తట్టి, చప్పుడు విని, రమ్మంటేనే మిగతావాళ్లు అడుగు వేసేవారట. ఆటలోనూ ప్రతి మలుపు దగ్గరా అలాగే ఆగేవాడు.

"నడువు పెద్దబాపూ, నా సెలవు అయిపోతది!" అని తమ్ముడు గోల.

"ముప్పై ఏండ్లు బొగ్గుల పనిచేసిన. నా ఎనక వచ్చినోళ్లందరు ఇంటికి పోయిండ్రు. ఆగు."

నా తప్పు వేరే. తమ్ముడికి గీటు పడినా మంత్రం పోసేదాన్ని. పెద్దబాపు గీత నిండుగా ఉన్నా ఇంకాస్త పోసేదాన్ని. నా గీత సంగతి అందరి తర్వాతే. గుహ మధ్యలో నేను కూలేదాన్ని, నా వెనకే వాళ్లిద్దరూ.

"అక్క మళ్ల పడ్డది!" అని తమ్ముడు నవ్వేవాడు.

"బంతిల వడ్డిస్తున్నవానే బిడ్డా?" అన్నాడు పెద్దబాపు ఒకనాడు. "కడుపు నిండినోనికి మళ్ల మళ్ల పోస్తవ్, నువ్వు ఉపాసముంటవ్. నువ్వే పడిపోతె మమ్ముల లేపేదెవలు? ముందు నీ గీత నింపుకో. గది సోకు కాదు, నీ పని."

క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నాను: సగం తగ్గితే ముందు నాకు, తర్వాత పెద్దబాపుకు, అరిస్తే తమ్ముడికి. అప్పటినుంచి గుహలు ఒక్కొక్కటే దాటాం. రాతి రాక్షసుడుండే ఆఖరి గుహ ఒక్కటి మిగిలింది.

ఒక శుక్రవారం తమ్ముడికి డ్యూటీ పడింది. చేయి తిరగాలని మేమిద్దరమే చిన్న గుహలో ఆడుతున్నాం. నేను రెండుసార్లు ఊరికే పడిపోయాను.

"ఏమైంది బిడ్డా, మనసు ఈడ లేదు?"

ఆటలో గొంతే తప్ప ముఖం కనబడదు కాబట్టి చెప్పగలిగాను. చంక కింద గడ్డ. చేతికి తగిలి రెండు నెలలు. మా ఆయనకు కూడా చెప్పలేదు. అత్తమ్మ కంటి ఆపరేషన్, మా అమ్మాయి పరీక్షలు అయ్యాక చూపించుకుందామనుకున్నాను.

ఆటలో ఆయన డాలు మనిషి గుహ మధ్యలో కదలకుండా నిలబడ్డాడు. రాక్షసులు కొడుతూనే ఉన్నారు. పెద్దబాపు డాలు ఎత్తకుండా పడిపోవడం ఆ ఒక్కసారే చూశాను.

"గా రాతి గుహ బాకీ ఉండనియ్," అన్నాడు చివరికి. "నువ్వు దవాఖానల సూపెట్టుకున్నంకనే పోదాం. మాటియ్యి."

"ఇస్తున్న పెద్దబాపూ."

"మీ ఆయనకు గీ పూటనే చెప్పు."

చెప్పాను. ఆస్పత్రి మాత్రం వచ్చే వారం, ఆ పై వారం అంటూ జరిపాను. ఈలోపే ఆయన పోయాడు.

దినాల నాడు భోజనాలకు మొదటి బంతి వేశారు. నేను పప్పు బకెట్ పట్టుకుని సగం వరస వడ్డించాను. అక్కడ ఒక ఖాళీ విస్తరి కనిపించింది. గరిటె మా వదినకిచ్చి అక్కడే కూర్చుని తిన్నాను. వదిన వింతగా చూసింది. మర్నాడే ఆస్పత్రికి వెళ్లి పరీక్షలు చేయించుకున్నాను.

ఈ ఉదయం డాక్టరమ్మ రిపోర్టు చదివి, "కొవ్వుగడ్డ అమ్మా. ఫికర్ చెయ్యకు" అన్నది. బయటికొచ్చి ఆటో ఎక్కాను.

"ఏడికి అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఇంటికి."

"మంచిదే. ఇల్లేడున్నది మరి?"

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

మధ్యాహ్నం తమ్ముడు డాలు అందుకున్నాడు. వాడి కత్తి మా అమ్మాయి పట్టింది. రాతి గుహలో మొదటి మలుపు రాగానే, ఎవరూ చెప్పకుండానే వాడు ఆగాడు. "ఆగక్కా. జర సూడనియ్."

ఆగాను. గీత సగానికి తగ్గిన ప్రతిసారీ ముందు నాది నింపుకున్నాను. రాక్షసుడు కూలేసరికి ముగ్గురం నిలబడే ఉన్నాం.

ఆ ఆటలో, ఆడనివాళ్ల బొమ్మలు చివరిసారి ఆగిన చోటే నిలిచి ఉంటాయి. లోపలికి పోయేటప్పుడు చూసుకోలేదు గానీ, మేం బయటికి వస్తుంటే గుహ మూతి దగ్గర, మా కోసం ముందే వచ్చి ఆగినట్టు, పెద్దబాపు బొమ్మ, డాలు భుజానికి ఆనించుకుని, లోపలికి చూస్తూ ఉంది. ముగ్గురం దాని పక్కనుంచే వెలుతురులోకి వచ్చాం.

ఆరో పని: రాతి గుహ. పెద్దబాపు బాకీ. చెల్లింది.