హనుమక్క అడగని మాట

పెనుకొండలో కోడి పోయినా, కుక్కరు విజిలు పోయినా జనం ముందు పరిగెత్తేది హనుమక్క బొరుగుల అంగడికే. స్టేషన్‌కు పోతే కూర్చోమని కూడా అనరు, ఇక్కడైతే గుప్పెడు బొరుగులైనా చేతిలో పడతాయి. డెబ్బై దాటిన హనుమక్క కూపీ లాగుతుంటే, బొంతలు కుట్టే రహమత్‌బీ అనుమానం ఉన్నవాళ్లను మాటల్లో పెడుతుంది. మొన్నటి కోడి దొంగ తనంతట తానే ఒప్పుకున్నాడు. ఈ ఇద్దరూ వాకిట్లో కూర్చుని లేవకపోతే పాపం ఏం చేస్తాడు?

అలాంటిది ఇప్పుడు రహమత్‌బీయే కేసైంది. గురువారం వస్తే చాలు, మంచి చీర కట్టుకుని హిందూపురం బస్సెక్కుతోంది. కూతురింటికా అంటే, ఆ పిల్ల ఉండేది ధర్మవరంలో. తిరిగొచ్చాక అడిగితే "ఊరికే పోయింటినిలే అక్కా" అని ముఖం తిప్పుకుంటోంది. తనకు చెప్పుకోలేని గుట్టు దానికేముందని హనుమక్కకు అన్నం సయించడం లేదు. ఇన్నేళ్ల స్నేహం ఎక్కడ చెడుతుందోనని భయం కూడా పట్టుకుంది.

బయల్దేరేటప్పుడే నిలదీయొచ్చు. కానీ గడప దాటిన మనిషిని ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందంటారు కదా! ఊరందరి గుట్టూ లాగే హనుమక్కకు ఈ ఒక్క విషయంలో మాత్రం మహా పట్టింపు. రహమత్‌బీ అంగడి ముందు నిలబడి సంచీ సర్దుకుని, కొంగు సర్దుకుని, మళ్లీ సంచీ సర్దుకున్నా "జాగ్రత్తగా పోయిరా" అనే అనేది.

చివరికి ఉండబట్టలేక ఒక గురువారం అంగడి మూసి, ముఖం మీదికి కొంగు లాక్కుని అదే బస్సులో వెనక కూర్చుంది.

"ఏమవ్వా, బొరుగుల అంగడి మూసేసినావా?" అని కండక్టరు బస్సంతా వినపడేలా అరిచాడు. ముందు సీట్లో రహమత్‌బీ తల తిప్పలేదు. బతికిపోయాననుకుంది హనుమక్క.

హిందూపురంలో రహమత్‌బీ కంటి ఆసుపత్రి గేటు దాకా పోయి, ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూలబడింది. లోపలికి పోదు, ఇంటికీ పోదు. హనుమక్క పోయి ఎదుట నిలబడింది.

"కండక్టరు అరిచినప్పుడే తెలిసె నువ్వొస్తాండావని" అంది రహమత్‌బీ. "కంట్లో పొర ఉండాదంట. ఆపరేషనంటే భయమక్కా. వారం వారం ఈడిదాకా వచ్చి వెనక్కి తిరుక్కుంటాండా."

"నాకు చెప్తే ఏమే?"

"చెప్తే ఈడ్చుకొచ్చి పడేస్తావు. యాడికని నువ్వొక్క మాట అడిగితే, పని చెడిందని ఇంట్లో పడుకుందామని నీ అంగడి ముందర అంతసేపు నిలబడితిని. లోకాన్నంతా అడుగుతావు, నన్నొక్కదాన్నే అడగవు!"

హనుమక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. చీమ కుట్టినంత కూడా ఉండదని డాక్టరమ్మ ఎదుటే రహమత్‌బీకి ధైర్యం చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, తోడొచ్చిన అవ్వ కళ్లలోకీ లైటు వేసి చూసింది.

"నీకు రెండు కళ్లలోనూ పొర ఉందవ్వా. ముందు నీకే చెయ్యాలి."

"నాకెందుకమ్మా, నేను ఊరికే తోడొచ్చినా" అంటూ హనుమక్క అప్పటికే వాకిలి వైపు జరిగింది. అది చూసి రహమత్‌బీకి తన భయం ఏమైందో ఏమో, ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఇద్దరికీ ఒకే దినం పెట్టు డాక్టరమ్మా. ఈమెను ఒంటిగా పంపిస్తే గేటు దాకా వచ్చి తిరుక్కుంటాది."