మూడుంబావుకు మోగిన మధ్యాహ్నం గంట

“సాయం చెయ్యవే తల్లీ అంటే, ఏమేం సాయాలున్నాయో పట్టీ చదువుతోంది తమ్ముడూ! ఆకలేస్తోందంటే గిన్నెల పేర్లు చెప్పినట్టు.”

గంటలక్క బడి కంప్యూటర్ తెర మీద వేలు పెట్టింది. ‘హెల్ప్’ అని కొడితే వచ్చిన జాబితా అది. “ఇదిగో, ‘అంతుపట్టనివి’ అని ఓ వరుస కూడా ఉంది. నాకైతే అన్నీ అందులోవే!”

ఇరవై రెండేళ్లు ఈ బడిలో ఇనుప గంట కొట్టింది అక్క. కుడి భుజం పట్టేశాక, ఎదురుగా ఉన్న నా రిపేరు షాపులోంచి పాత పుస్తకాలు పట్టుకెళ్లి, కూడబలుక్కుంటూ చదివి, గంటలు వాటంతటవే మోగే ప్రోగ్రాం రాసింది. నేనూ అలా నేర్చుకున్నవాణ్ణే. ఆవిడ ప్రశ్నలంటే ఇష్టం. సగానికి జవాబు తెలియదు.

మూడు రోజులుగా మధ్యాహ్నం పెద్దగంట వేళకు ప్రోగ్రాం ఆగిపోతోంది. తర్వాతి గంటలూ లేవు. అక్క మళ్లీ సుత్తి పట్టింది. ఇవాళ నాలుగింటి గంట దానంతటది మోగకపోతే ఇక సుత్తే ఖాయమని హెడ్మాస్టరమ్మ తేల్చేసింది. అక్కకు చెయ్యి జడ వేసుకోవడానికే లేవడం లేదు. అప్పటికే మూడు దాటింది.

ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపలికి తొంగిచూసే పనిముట్టు డీబగ్గర్. గంట లోపల ఎలా నడుస్తుందో చూద్దామని సోమవారం దాన్ని తెరిచిన అక్క, మూస్తే మళ్లీ తెరవడం రాదేమోనని అలాగే ఉంచి, రోజూ పొద్దున్నే అందులోంచే ‘రన్’ కొడుతోంది.

“సాయం అడిగావు సరే. ఇప్పుడేం జరుగుతోందని అడిగావా?”

“ఎవర్ని?”

“దాన్నే. ‘ఇన్ఫో’ అని కొట్టు.”

ఇంకో పట్టీ, మరింత పొడుగు. “ఇది దాని అక్కగారు కాబోలు!”

ఆ వరుసల్లో ఇద్దరం దారి తప్పాం. ‘హెల్ప్ ఇన్ఫో’ కొడితే మొదటికే వచ్చాం. చివరికి, ఎక్కడెక్కడ ఆగాలో చూపే ‘ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్’ కొట్టాక ఒకే ఒక్క ఆజ్ఞ కనిపించింది: పెద్దగంట కొట్టే చోట ఆగు. దాని కిందే, ‘ఇప్పటికి ఒక్కసారి ఆగింది’ అని లెక్క.

“ఆగమని ఎవరో చెప్పారక్కా.”

“ఈ గదిలోకి నేను తప్ప ఎవరొస్తారు?” అంటూనే నోట్‌బుక్ తిరగేసింది. సోమవారం, తన చేతిరాతే: ‘పెద్దగంట దగ్గర ఆపి చూడాలి.’ చూసేలోపు హెడ్మాస్టరమ్మ పిలవడంతో ఆ మాటే మరిచిపోయిందట.

“నేనే ఆగమని చెప్పి, ఆగిందని నేనే ఏడ్చానా! మరి మూడు రోజులైతే, ఒక్కసారే ఆగానంటుందేం?”

“రన్ కొట్టినప్పుడల్లా లెక్క మొదటికొస్తుందేమో,” అన్నాను, నమ్మకం లేకుండానే.

‘డిలీట్’తో ఆ ఆజ్ఞ తీసేయించాను.

“ఇప్పుడు?”

“కంటిన్యూ.”

అనకూడదని అప్పుడు తట్టలేదు. ప్రోగ్రాం ఆగిన చోటునుంచే అందుకుంది. పన్నెండున్నరకు మింగిన పెద్దగంట మూడుంబావుకు బడంతా దద్దరిల్లేలా మోగింది. పైగదుల్లో బెంచీలు జరిగాయి. బడి వదిలేశారనుకుని, సంచులు తగిలించుకుని పిల్లలు మెట్ల మీద వరదలా దిగారు.

అక్క కిటికీలోంచి బయటికి చూసింది.

“మోగింది తమ్ముడూ! మోగింది కానీ... అయ్యయ్యో, గేటు! పరిగెత్తు. ఇది మధ్యాహ్నం గంటని వాచ్‌మన్‌కి చెప్పు. నాలుగు కొట్టేదాకా ఒక్క పిల్లనీ వదలొద్దను. దారిలో హెడ్మాస్టరమ్మ కనిపిస్తే మాత్రం, నువ్వు నన్ను చూళ్లేదు!”