పసుపు టోపీల పిల్లలు

ఎవరింటికి వెళ్లినా కంప్యూటర్ కోర్సుల మాటే వినబడుతున్న రోజులవి. నేను చేవెళ్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచర్ని. ఆ ఏడాది పిల్లల్ని మొయినాబాద్ దగ్గరి నీళ్ల ఆటల పార్కుకు తీసుకెళ్లాం. ఎవరూ తప్పిపోకుండా హెడ్‌మాస్టరు అందరికీ పసుపు టోపీలు కొనిపించారు. ఎంత గుంపులో ఉన్నా మన పిల్లలు ఇట్టే కనబడతారని ఆయన ధీమా.

పార్కు గేటు దగ్గర బస్సు దిగగానే ఆ ధీమా పోయింది. నగరంలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగులను కుటుంబాలతో సహా ఆ రోజే అక్కడికి తెచ్చింది. వాళ్ల పిల్లల నెత్తిన కూడా పసుపు టోపీలే. దగ్గరికి వెళ్తే తప్ప తేడా తెలియదు. అందుకని మా పిల్లల్ని జతలు జతలుగా చేసి, ఒకరి చెయ్యి ఒకరు వదలొద్దని చెప్పాను.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. అన్నాలయ్యాక బట్టలు మార్పించి వరుసలో నిలబెడుతుంటే ఒక పాప పక్కన జత లేదు. తప్పిపోయిన పిల్లది ఆలూరు. తండ్రి లేడు. తల్లి కనకమామిడిలో ఒక ఫాంహౌజ్‌లో పని చేస్తుంది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ విన్నది లేదు.

"బాత్రూం కాడ చెయ్యి ఇడిచింది టీచర్. మల్ల రాలే," అంది జత పాప.

బాత్రూముల్లో లేదు. జారుడు బల్లల దగ్గర లేదు. అలల కొలను వైపు పరుగెత్తాను. అక్కడి కాపలా అతను నా మాట పూర్తి కాకముందే ఈల ఊది అందర్నీ బయటికి రప్పించాడు. అలలు ఆగి నీళ్లు తేటపడేదాకా నేను గట్టు మీదే నిలబడ్డాను. అడుగున నీలం పలకలు ఒక్కొక్కటే కనబడుతుంటే కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేకపోయాను. అడుగున ఏమీ లేదు. మైకులో ఆ పిల్ల పేరు పిలిచారు. పాటల హోరులో అది ఎవరికి వినబడుతుంది?

కొలను దగ్గర తోటి టీచర్లను ఉంచి నేను గేటు వైపు వెళ్లాను. కంపెనీ బస్సులు అప్పుడే కదులుతున్నాయి. ముందున్న బస్సు కిటికీ తెర సందులోంచి వరసగా పసుపు టోపీలు కనబడ్డాయి. ఏమీ ఆలోచించలేదు. వెళ్లి బస్సుకు అడ్డంగా నిలబడ్డాను.

డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. మెడలో కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి దిగి వచ్చింది. పిల్లలందరికీ బొమ్మల సినిమా వేస్తున్నామని, తల్లిదండ్రులు వెనక బస్సుల్లో ఉన్నారని, ఎక్కినవాళ్లంతా తమ పిల్లలేనని మర్యాదగా చెప్పింది.

"జర ఒక్క నిమిషం ఆపు చెల్లె. మా పిల్ల దొరుకుతలేదు. నేనెక్కి చూస్త," అన్నాను.

ఆమె నా మొహం చూసి తలుపు తీయించింది.

లోపల తెరలు వేసి చీకటిగా ఉంది. మొహాలన్నీ టీవీ వైపే. టోపీలు తీయమంటే ఎవరూ వినలేదు. ఆ అమ్మాయి టీవీ ఆపించి తనే ఇంగ్లీషులో చెప్పాక ఒక్కొక్క టోపీ కిందికి దిగింది. వెనక వరుసలో కిటికీ పక్కన, ఇంకా తడి ఆరని రెండు జడలతో, మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుని ఉంది మా పిల్ల. నన్ను చూసింది. లేవలేదు.

దగ్గరికి వెళ్లి ఎత్తుకున్నాను.

"ఎందుకెక్కినవ్ బిడ్డా?"

"గా అక్క పసుపు టోపీలోళ్లంత ఎక్కుండ్రి అన్నది."

"మన బస్సు కాదని ఎర్కలేదా?"

"ఎర్కే."

కిందికి దిగేసరికి మెడలో కార్డున్న అమ్మాయి బస్సు మెట్టు మీద కూలబడి ఉంది. నాకన్నా చిన్నది. ఆమె భుజం తట్టి, పిల్లను మా వరుస దగ్గరికి తీసుకెళ్లాను.

పిల్ల దొరికింది కదా, ఇంట్లో చెప్పి భయపెట్టడం ఎందుకన్నారు హెడ్‌మాస్టరు. నాకు మనసొప్పలేదు. సాయంత్రం ఆటోలో పిల్లను తీసుకుని ఆలూరు వెళ్లి తల్లికి మొత్తం చెప్పాను. ఆమె కోప్పడుతుందని సిద్ధపడే వెళ్లాను. ఆమె కూతురిని దగ్గరికి లాక్కుంది. తర్వాత ఒక్కటే అడిగింది, ఏడ్చిందా అని. లేదన్నాను.

"నేనే నేర్పిన టీచర్. చిన్నగున్నప్పుడు ఫాంహౌజ్‌కు ఎంబడి తీస్కపోతుంటి. ఓనర్లొస్తే సప్పుడు చెయ్యకుండ మూలకు కూసో, ఎవరేం చెప్తే అది చెయ్యి అంటుంటి. గదే అలవాటైంది."

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. సోమవారం లెక్కల పాఠం పక్కన పెట్టి పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్లాను. గుంపులో తప్పిపోతే ఏమని అరవాలో నేర్పాను: "మీరు మావోళ్లు కాదు, నా టీచర్ ఏడున్నది?" పిల్లలకు అది పండగైంది. ఒకరిని మించి ఒకరు అరిచారు.

ఆ పిల్ల వంతు వచ్చింది. పెదవులు కదిలాయి, అంతే. నేను ప్రహరీ గోడ దాకా వెనక్కి వెళ్లి, వినబడలేదన్నాను. మళ్లీ ప్రయత్నించింది. మూడోసారి సన్నగా, గీరుకున్నట్టు గొంతు వచ్చింది.

ఈ గోలేమిటని హెడ్‌మాస్టరు వరండాలోకి వచ్చారు. ఆయన్ని చూసి పిల్ల నోరు మూసుకుంది. నేను ఆయన వైపు తిరగలేదు, పిల్లనే చూస్తూ ఊఁ అన్నట్టు తల ఊపాను. ఆ పిల్ల పిడికిళ్లు బిగించి, ఆయన చూస్తుండగానే మళ్లీ అరిచింది.