చుట్ట కాలినంత సేపు

మా చిన్నప్పుడు... మా కూలివాళ్ల విరామాన్ని మా ఊరి ఆసామి ఒక సిగరెట్టు పెట్టెతో కాజేశాడు. ఆ పెట్టె అందుకున్నది మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన. ఇంటి మనిషి అని వెనకేసుకురాను. జరిగింది జరిగినట్టే చెబుతాను.

శెనక్కాయ పీకే రోజులు. ఆ ఏడు చివరి వాన రాలేదు. నేల రాయిలా బిగిసిపోయి, చెట్టు పీకితే కాయ భూమిలోనే తెగి ఉండిపోయేది. ఆడవాళ్ల వేళ్లు గోళ్ల దగ్గర చీలిపోయేవి. మా బెళుగుప్ప వైపు ఎర్రచేలలో నీడ దొరకడమే కష్టం. ఆసామి చేనుకు ఆ చివర ఒక్క కానుగ చెట్టు... దాని కొమ్మకు పాత చీరతో కట్టిన ఊయలలో మా చెల్లి. ఇంకా పాలు తాగే బిడ్డ.

గడియారం ఎవరి దగ్గరా లేదు. మధ్యాహ్నం సంగటి తిన్నాక జేజినాయన చుట్ట ముట్టించేవాడు. అది ఆరేదాకా ఎవరూ పనికి లేవకూడదు, ఆరితే ఎవరూ కూర్చోకూడదు. ఆసామి తండ్రి నాటి కట్టుబాటు అది.

అందుకే జేజినాయన చుట్టను బొటనవేలంత లావు చుట్టేవాడు. మొదట్లో బావి గట్టున తానే పెంచుకున్న పొగాకు... ఈనె తీసి, బెల్లం నీళ్లు చిలకరించి, తొడ మీద పెట్టి చుట్టి, దారం కట్టేవాడు. బావి ఎండిపోయాక సంతలో ఆకు కొన్నాడు. గొంతు గీరుతోందని తిట్టుకునేవాడే గానీ లావు తగ్గించలేదు.

"నిదానంగా పీల్చు మామా, పుణ్యముంటాది నీకు," అనేవాళ్లు ఆడవాళ్లు.

ఆసామి గట్టు మీద నిలబడి పళ్లు నూరేవాడు. "ఏం చుట్టప్పా అది! ఉగాది దాకా కాల్తాదా ఏమి?"

"ఆకు పచ్చిది సామీ, రగులుకోల్యా," అనేవాడు జేజినాయన, కళ్లు మూసుకుని పొగ వదులుతూ. చేనంతా నవ్వు...

ఆ కాస్త సేపట్లో అమ్మ కానుగ దాకా నడిచి, చెల్లికి కడుపునిండా పాలిచ్చి, కాళ్లు చాపి కూర్చుని, మళ్లీ నడిచి వచ్చేది.

ఒక రోజు ఆసామి బంగారు రంగు కాగితం చుట్టిన పెట్టె తెచ్చాడు.

"ఏమప్పా పెద్దాయనా, ఇంతమందికి పెద్దతలకాయివి, నీకీ కంపు చుట్ట ఎందుకు? ఇది తాగు," అని తానే అగ్గిపుల్ల గీసి పట్టుకున్నాడు. అంతవరకూ ఏ ఆసామీ మా ఇంటి మనిషికి నిప్పు పట్టలేదు. జేజినాయన పొంగిపోయాడు.

సిగరెట్టు నాలుగు దమ్ములకే అయిపోయింది. కట్టుబాటు కట్టుబాటే కదా... జేజినాయన లేచి తువ్వాలు దులిపాడు.

అమ్మ ఇంకా కానుగ దాకా పోనేలేదు. సగం దారిలో నిలబడిపోయింది.

"ఏంది మామా, అప్పుడే లేస్తివి? బిడ్డను ఎత్తుకోనే ల్యాదు నేను!"

"పొగ అయిపోయినాది గదమ్మా..."

"నీ పొగ సంగతి సరే. నా బిడ్డ కడుపు సంగతేంది?"

ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని పనికి వంగాడు. చెల్లి ఏడుపు చేనంతా వినబడుతోంది.

మరునాడు మళ్లీ చుట్ట తీశాడు. ఆసామి నవ్వాడు. "నిన్న సిగరెట్టుకు లేసినోళ్లు ఈపొద్దు లేయరా? మీ పెద్దాయనే గదా లెక్క మార్చింది!" అంటూ పెట్టె చేతిలో పెట్టాడు. మొహమాటంతో తీసుకున్నాడని మా ఇంట్లో అంటారు. అబద్ధం. ఆ రుచి ఆయనకు నచ్చింది. రెండు వారాలకే చుట్ట ఘాటు పడక దగ్గేవాడు. ఆ పంట ముగిసేసరికి చెల్లి రొమ్ము మరిచిపోయింది.

పైఏడు నుంచి ఆసామి పెట్టెలు ఆపేశాడు. అలవాటు ఆగలేదు. జేజినాయన బీడీల్లోకి దిగాడు. కూలివాళ్ల విరామం మాత్రం మళ్లీ పెరగలేదు.

ఇప్పుడు ఆయన ఏదీ తాగడు. ఊపిరే అందదు. ఒకసారి కోపం పట్టలేక అడిగాను, ఎందుకు తీసుకుంటివి అని. "ఆసామి నోట పెద్దాయనా అనిపించుకుంటి గదా..." అన్నాడు. దీన్ని తిట్టడానికి నేను పంచే కూలి సంఘం కరపత్రాల్లో మాటలు బోలెడు దొరికాయి నాకు. ఆయన్ను ఓదార్చడానికి ఒక్కటీ దొరకలేదు.

ఆసామి చేలు ఇప్పుడు సోలార్ పలకల కింద ఉన్నాయి. ఆ పలకల నడుమ గడ్డి కోసేది మా అమ్మ, మా చెల్లి, మీ అమ్మలు, మీ చెల్లెళ్లు. మేస్త్రీ ఈల వేస్తే కూర్చోవాలి, మళ్లీ ఈల వేస్తే లేవాలి. ముద్ద గొంతు దిగకముందే రెండో ఈల...

మీ ఊళ్లో చేని పనిలో విరామాన్ని దేనితో కొలిచేవాళ్లు? అది ఎవరి చేతుల మీదుగా పోయింది? కింద రాయండి. పేర్లు పెట్టి రాయకున్నా సరే, రాయండి.

రాసి ఊరుకోకండి. వచ్చే సోమవారం పొద్దున ఆరు గంటలకు సోలార్ గేటు ముందర కలుద్దాం. అడిగేది మధ్యాహ్నం అరగంట, కూర్చోవడానికి ఇంత నీడ, తాగడానికి నీళ్లు. పోయినసారి పిలిస్తే వచ్చింది ఇద్దరం, నేనూ అమ్మా. ఈసారి అమ్మ కూడా "పని పోతాది, నేను రాను" అంది.

ఆరింటికి. నేనైతే ఉంటాను.